నమూనాలో మా అక్క రోడ్డు దాటింది

"రేపు ప్రపంచం నలుమూలల నుంచీ జనం మన సెంటర్‌కి వస్తారు. రోడ్డెలా దాటాలో మనల్ని చూసి నేర్చుకుని వెళ్తారు!" అని మున్సిపల్ ఛైర్మన్‌గారు ప్రకటించారు. ఆ చారిత్రక క్షణంలో నేను ముందు వరసలోనే ఉన్నాను. వెనక వరసల్లో ఫ్యాన్లు తిరగడం లేదు.

ఛైర్మన్‌గారిని మా సెంటర్‌లో అందరూ విజన్‌గారు అంటారు. ఆ మాట వాడకుండా ఆయన మంచినీళ్ళు కూడా అడగరు. నాది కళ్ళజోళ్ళ షాపు కాబట్టి, విజన్ అనగానే నాకు సొంత చుట్టాన్ని చూసినట్టుంటుంది. ఆయన మీద నాకున్న గౌరవం అలా మొదలైంది. తరవాత ఏం జరిగినా తగ్గలేదు.

ఒకప్పుడు మా సెంటర్ అంటే ఒక టీ బంకు, ఒక పంక్చర్ షాపు, ఒక మలుపు. ఇప్పుడు బ్యాంకులొచ్చాయి, రక్తపరీక్షల ల్యాబులొచ్చాయి, కోచింగ్ సెంటర్లొచ్చాయి, వాటన్నిటికీ వచ్చే స్కూటర్లూ కార్లూ వచ్చాయి. రోడ్డు మధ్యన డివైడర్ కూడా వచ్చింది. రోడ్డు వెడల్పు మాత్రం టీ బంకు నాటిదే.

నా షాపు పక్కనే మా అక్క టైలరింగ్ షాపు. అక్క ఇల్లు సరిగ్గా ఎదురుగా, రోడ్డుకి అవతల. నా కుర్చీలోంచి చూస్తే వాళ్ళ బాల్కనీలో బావ పేపరు ఏ పేజీ చదువుతున్నాడో కూడా తెలుస్తుంది. డివైడర్‌లో ఉన్న సందులోంచి అక్క పొద్దున షాపుకి వస్తుంది, మధ్యాహ్నం బావకి అన్నం పెట్టడానికి వెళ్తుంది, మళ్ళీ వస్తుంది. బావ రిటైరయ్యాక కుక్కర్ విజిల్స్ లెక్కపెట్టడం నేర్చుకున్నాడు గానీ, మూత తియ్యడం దగ్గర ఆగిపోయాడు. అక్కకి మోకాళ్ళ నొప్పులు. ఒక అడుగు ముందుకి వేసి, లారీ హారన్‌కి వెనక్కి తీసి, మళ్ళీ వేస్తుంటే, ఇవతల నేను కుర్చీలోంచి లేచి నిలబడేవాణ్ణి.

ప్రజాభిప్రాయ సేకరణ అన్నారు కదా అని ఆ రోజు మీటింగులో అక్క లేచి నిలబడింది.

"సార్, ఆ డివైడర్ సందు దగ్గర నాలుగు తెల్లచారలు గీయించండి. బళ్ళవాళ్ళు కాస్త ఆగుతారు. అంతకంటే ఏమీ వద్దు."

విజన్‌గారు కళ్ళు మూసుకున్నారు. తెరిచేసరికి చెమ్మగా ఉన్నాయి.

"నాలుగు చారలేనా చెల్లెమ్మా?"

"పోనీ ఆరు గీయించండి."

"ఇంత చిన్నగా ఆలోచించడం నీ తప్పు కాదమ్మా. గత పాలకుల తప్పు. నువ్వు చారలడిగావు. నేను నీకు సమగ్ర రవాణా ప్రణాళిక ఇస్తున్నాను!"

హాలంతా చప్పట్లు. అక్క కూర్చుంటూ నా చెవిలో, "అందులో చారలుంటాయా రా?" అని అడిగింది. సమగ్రం అన్నారు కాబట్టి తప్పకుండా ఉంటాయన్నాను.

మరుసటి వారం కన్సల్టెంట్ దిగాడు. మంచి కుర్రాడు, దిగిన రోజే నా దగ్గర కూలింగ్ గ్లాసెస్ కొన్నాడు. అతని మనుషులు మా ఫుట్‌పాత్ మీద గొడుగులు పాతుకుని, పాదచారుల ప్రవర్తనను అధ్యయనం చేశారు. వాళ్ళ కుర్చీలు ఫుట్‌పాత్ నిండా ఉండటం వల్ల పాదచారులు రోడ్డు మీద నడిచారు. అది కూడా రాసుకున్నారు. రిపోర్టు చదివే రోజున మమ్మల్నందర్నీ మళ్ళీ హాలుకి పిలిచారు.

"ఈ సెంటర్ పాదచారుల్లో ఒక విశిష్ట లక్షణం గమనించాం" అన్నాడు కన్సల్టెంట్. "వీళ్ళు రోడ్డంచున చాలాసేపు నిలబడటానికి ఇష్టపడుతున్నారు."

"ఇష్టమా నా మొహమా! దాటలేక నిలబడుతున్నాం బాబూ" అంది అక్క.

"కారణం మా స్కోప్‌లో లేదు మేడమ్. ప్రవర్తన ఒక్కటే ఉంది."

నిలబడటానికి అంత ఇష్టపడేవాళ్ళు కూర్చోవడానికి ఇంకెంత ఇష్టపడతారోనని రోడ్డుకి అటూ ఇటూ స్టీలు బెంచీలు వేయించారు. అక్క ఇప్పుడు కూర్చుని దాటలేకపోతోంది. మెళ్ళో కొలత టేపుతో, ఒళ్ళో టిఫిన్ క్యారియర్‌తో ఆమె బెంచీ మీద కూర్చున్న ఫోటో ప్రణాళిక పుస్తకం అట్ట మీద వేశారు. కింద "సజీవ నగర జీవనం" అని ఉంది. బావ ఆ పుస్తకాన్ని వచ్చినవాళ్ళందరికీ చూపించాడు.

పుస్తకం తరవాత నమూనా వచ్చింది. నిజం చెప్పాలంటే, అంత అందమైన వస్తువుని నేను చూడలేదు. భోజనాల బల్లంత చెక్క మీద మా సెంటర్ మొత్తం ఉంది. చీమలంత స్కూటర్లు, అగ్గిపెట్టెల్లాంటి బస్సులు, బ్యాంకు, ల్యాబు, నా షాపు బోర్డు మీద అచ్చం నా కళ్ళజోడు బొమ్మ. డివైడర్ సందు దగ్గర, అటు నుంచి ఇటు దాకా, పాలలాంటి తెల్లచారలు. ఆ చారల మధ్యన, మెళ్ళో టేపు వేసుకుని, చేతిలో క్యారియర్ పట్టుకుని, మా అక్క రోడ్డు దాటుతోంది. బస్సులు ఆగి ఉన్నాయి.

అక్క భూతద్దంతో తన్ని తాను చాలాసేపు చూసుకుంది. "చీర రంగు కూడా సరిపోయింది రా తమ్ముడూ" అంది. విజన్‌గారి చేతులు పట్టుకుని థాంక్స్ చెప్పింది. నాకూ కళ్ళు చెమర్చాయి. అటువంటప్పుడు మనిషిని శంకించడం పాపం.

ఇంత గొప్ప నమూనాని ఆఫీసులో దాచడం ప్రజాద్రోహమని విజన్‌గారు అన్నారు. దాన్ని సెంటర్ నడిబొడ్డున పెట్టాలి. నడిబొడ్డున ఖాళీ స్థలం కోసం మున్సిపల్ ఇంజినీరు టేపు పట్టుకుని వెతికితే ఒక్కటే దొరికింది. డివైడర్ సందు.

వారం తిరక్కుండానే సందులో అద్దాల మండపం లేచింది. అద్దాలకి రక్షణగా డివైడర్ పొడవునా నా భుజాల ఎత్తు ఇనప రెయిలింగ్. మండపానికి ఒకటే ద్వారం, అక్క ఇంటివైపు. సందర్శకులకి ఇబ్బంది లేకుండా అటువైపు ఒక కానిస్టేబుల్ని కూడా వేశారు. ఆయన విజిల్ ఊది ట్రాఫిక్ ఆపుతాడు. మా అక్క ఇప్పుడు దర్జాగా సగం రోడ్డు దాటగలదు. అక్కడ నమూనా చూసుకుని, దర్జాగా వెనక్కి వెళ్ళగలదు.

"మరి నా షాపుకెళ్ళడం ఎలా సార్?" అని ప్రారంభోత్సవం నాడే అడిగింది.

"ఇంత విజన్ చూశాక కూడా షాపు గురించేనా చెల్లెమ్మా?" అన్నారాయన నొచ్చుకుని.

అప్పట్నుంచీ అక్క ఇంటి ముందు బస్సెక్కి, పెద్ద వంతెన దగ్గర దిగి, దాని కింద నుంచి ఇవతలికొచ్చి, ఇంకో బస్సెక్కి షాపుకి వచ్చేసరికి పూట గడిచిపోతోంది. మధ్యాహ్నం బావ అన్నం కోసం మళ్ళీ అదే ఊరేగింపు. మా వార్డులో బస్సు ప్రయాణికులు పెరిగారని, ప్రజలు సొంతంగా ప్రజారవాణా వైపు మొగ్గుతున్నారని, నమూనా ప్రభావం అప్పుడే కనిపిస్తోందని విజన్‌గారు పేపర్లవాళ్ళకి చెప్పారు. నాకూ బేరాలు పెరిగాయి. అద్దాల్లోంచి నమూనా సరిగ్గా కనబడనివాళ్ళందరూ చత్వారం వచ్చిందనుకుని వంతెన చుట్టూ తిరిగి నా దగ్గరికి వచ్చేవాళ్ళు.

అక్క బేరాలే తగ్గాయి. వచ్చినవాళ్ళు తాళం చూసి నన్ను అడుగుతారు, "మీ అక్కగారెక్కడండీ?" అని. నేను రెయిలింగ్ అవతల బస్సు కోసం నిలబడ్డ మనిషిని చూపిస్తాను. అంత దగ్గర్లో ఉండి రాకపోవడమేమిటని వాళ్ళకి కోపం వస్తుంది. షాపు తాళంచెవి నా దగ్గరా ఉంది గానీ, నాకు కుట్టడం రాదు.

ఆఖరికి మా వెనక వీధిలోని బడి పెద్ద మేడమ్ స్వయంగా వచ్చింది. ఏటా పిల్లల యూనిఫారాలన్నీ అక్కే కుడుతుంది. ఆ పని మీదే ఏడాదంతా షాపు అద్దె నెట్టుకొస్తుంది. తాళం చూసి మేడమ్ నా షాపులోంచే అక్కకి ఫోన్ చేసింది.

"సోమవారం పొద్దున పిల్లల్ని కొలతలకి తీసుకొస్తానమ్మా. అప్పటికీ షాపు మూసుంటే ఈసారి కాంప్లెక్స్‌లో కొత్త టైలర్‌కి ఇచ్చేస్తాను. నన్ను తప్పు పట్టొద్దు."

అదే వారంలో దేవుడు పంపినట్టు పైనుంచి తనిఖీ అధికారిణి దిగింది. నవ్వని మనిషి. మండపంలోకి వెళ్ళి నమూనా చూసింది, బయటికొచ్చి రోడ్డు చూసింది, మళ్ళీ నమూనా చూసింది. విజన్‌గారు పక్కనే చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఆవిడ గొంతు రెయిలింగ్ ఇవతల నాకు కూడా వినబడింది.

"ఇందులో తెల్లచారలున్నాయి. అక్కడ లేవు. ఇందులో రెయిలింగ్ లేదు. అక్కడ ఉంది. ఏమిటిది?"

"ఇది భవిష్యత్తు మేడమ్. అది వర్తమానం."

"నాకు రెండు కాలాలు వద్దు. ఇదీ అదీ ఒకేలా ఉండాలి. ఆదివారంలోగా సరిచెయ్యండి. లేకపోతే మీ ప్రణాళిక ఫైలు ముందుకెళ్ళదు."

అవతల బెంచీ మీద కూర్చున్న అక్క ఈ మాట విని లేచి నిలబడింది. రెయిలింగ్ మీంచి నా వైపు రెండు చేతులూ ఊపింది. బడి మేడమ్‌కి అప్పటికప్పుడే ఫోన్ చేసి, "సోమవారం తప్పకుండా రండి మేడమ్, చారలొస్తున్నాయి" అని చెప్పింది. ఆ రాత్రి బావకి కుక్కర్ మూత తియ్యడం కూడా నేర్పిందట.

ఆదివారం పొద్దున ఇంజినీరు మున్సిపల్ జీపులోంచి రంగు డబ్బాతో దిగాడు. అక్క అప్పటికే చీపురు పట్టుకుని కిందికొచ్చి, రంగు బాగా పట్టాలని తన వైపు రోడ్డంచు శుభ్రంగా ఊడ్చి పెట్టింది. బావ బాల్కనీలోంచి పేపరు మడిచి చూస్తున్నాడు. నేను ఇవతల రెయిలింగ్‌కి ఆనుకుని నిలబడ్డాను. వెనకే విజన్‌గారు, ఆయన వెనక ఫోటోగ్రాఫరు వచ్చారు.

ఇంజినీరు అక్క ఊడ్చిన చోటు మీంచే నడిచి మండపంలోకి వెళ్ళాడు. డబ్బా మూత తీశాడు. రంగు నల్లగా ఉంది. జేబులోంచి తీసిన బ్రష్ కనురెప్పలకి రాసుకునేంత ఉంది.

"అదేమిటి బాబూ?" అంది అక్క ద్వారం దగ్గర నిలబడి.

"రోడ్డు మార్చాలంటే టెండర్లు పిలవాలమ్మా. దీనికైతే బ్రష్ చాలు."

చాలా నిదానంగా, ఒక్కొక్కటిగా, తెల్లచారలన్నీ రోడ్డు రంగులోకి మార్చాడు. గుండుసూదులు గుచ్చి రెయిలింగ్ కట్టాడు. సందు మూశాడు. సందులో బుల్లి అద్దాల మండపం కూడా పెట్టాడు. పనివాడితనాన్ని మెచ్చుకోకుండా ఉండలేం. విజన్‌గారు వంగి నమూనా చూసి, తలెత్తి రోడ్డు చూసి, "తేడా చెప్పండి చూద్దాం!" అన్నారు ఫోటోగ్రాఫర్‌తో. అతను చెప్పలేకపోయాడు.

చివరికి ఒకటి మిగిలింది. నడిరోడ్డు మీద టేపు వేసుకుని నిలబడ్డ బొమ్మ. ఇంజినీరు రెయిలింగ్ దగ్గరికొచ్చి నన్ను ట్వీజర్ అడిగాడు. కళ్ళజోడు స్క్రూలు పట్టేది తెచ్చి ఇనప చువ్వల్లోంచి అందించాను. అతను బొమ్మని జాగ్రత్తగా ఊడదీసి, కాళ్ళకి జిగురు రాసి, గాలిలో పట్టుకున్నాడు. అప్పుడు అతనికి సందేహం వచ్చింది.

"మిమ్మల్ని ఏ వైపు పెట్టమంటారమ్మా? ఇంటివైపా, షాపువైపా?"

అక్క చీపురు కింద పెట్టింది. నమూనా వంక చూసింది, రెయిలింగ్ ఇవతల తాళం వేసి ఉన్న తన షాపు వంక చూసింది.

"షాపువైపే పెట్టు బాబూ" అంది. "రేపు పొద్దున్నే బడి పిల్లలు కొలతలకి వస్తారు. అక్కడ ఎవరో ఒకరు ఉండాలి కదా."