రెండు రకాల వైర్లు, ఒక అనసూయమ్మ

నిన్నటితో సంవత్సరీకం ముగిసింది. ఈరోజు బంధువులకు భోజనాలు. విస్తళ్లు వేసే ముందు, పోయిన భార్య అనసూయమ్మ పాడిన మంగళహారతిని కొత్త పాటల మిషన్లో అందరికీ వినిపించాలని లక్ష్మీనరసయ్య అనుకున్నాడు. కడపలో ఆయనకు బట్టల కొట్టుంది. ఆ రోజు కొట్టు తెరవకుండా పొద్దున్నే తలంటుకుని కూర్చున్నాడు.

హారతి అన్నది పైకి చెప్పిన కారణం. పాట మధ్యలో ఆమె ఆగి, "ఏమయ్యా" అని ఆయన్ని ఒక కేక వేసింది. అదీ పాట రికార్డు చేసిన క్యాసెట్లో పడింది. ఏడాదిగా ఆయన్ని అలా పిలిచిన మనిషి లేదు. టేపు తెగిపోతుందేమోనని ఇన్నాళ్లూ దాన్ని వేయనైనా లేదు. ఆ కేక తర్వాత ఆమె ఏమందో కూడా ఆయనకు గుర్తులేదు. ఆ ఒక్క పిలుపు మళ్లీ వినాలి, అంతే. ఆ మాట పిల్లలకు చెప్పడానికి సిగ్గేసింది.

పిల్లలు మాత్రం వారం నుంచి వైర్ల మీద కొట్టుకుంటున్నారు.

"సీడీ చేయించినా నాయనా. డిజిటల్ వైరులో పాట వెలుతురు మాదిరి పారతాది. పాట అద్దం మాదిరి వస్తాది" అన్నాడు కొడుకు వేణుగోపాల్.

"అమ్మ గొంతు అద్దం మాదిరి ఎప్పుడుండె అన్నా? పాత టేప్ డెక్కుకు ఆ ఎర్ర వైరూ తెల్ల వైరూ తగిలిస్తే సరిపోతాది గదా" అంది కూతురు రమ్యశ్రీ.

"అనలాగ్ వైరు గుర్రుమంటాది. నీకు తెల్దులే."

డిజిటల్‌ను తానే కనిపెట్టినట్టు మాట్లాడేవాడు వేణుగోపాల్. అంతటితో ఊరుకున్నా బాగుండేది. సీడీ చేయించేటప్పుడు గిన్నెల చప్పుడూ, అనవసరపు మాటలూ అన్నీ తీయించేశాడు. నాయన మెచ్చుకుంటాడని ఆ సంగతి దాచి ఉంచాడు.

లక్ష్మీనరసయ్య కూడా తన వంతు తాను చేశాడు. ఏడాదిగా ఇంట్లో ఏ కొత్త వస్తువుకూ బొట్టు పెట్టలేదు. ఆ కొరతంతా తీరేలా మిషన్ నిండా పసుపు, గంధం, కుంకుమ పెట్టాడు. సీడీ ప్లేయర్ వెనక ఒక చిన్న కన్నంలో ఎర్రటి వెలుగు కనిపించింది. దీపంలా ఉందని ముచ్చటపడి, దానికి మరికాస్త చిక్కటి గంధం అద్ది దండం పెట్టుకున్నాడు. ఆ తర్వాత వేణుగోపాల్ ముందు నుంచే చెయ్యి పోనిచ్చి, తడుముకుంటూ డిజిటల్ వైరును అదే కన్నంలో గుచ్చాడు.

బంధువులంతా కూర్చున్నారు. మీట నొక్కితే శబ్దం లేదు. వేణుగోపాల్ సౌండు పెంచాడు. అయినా లేదు. చివరిదాకా తిప్పేశాడు.

"పాడతాండాదా అనసూయ? నాకే వినపడల్యానా?" అంది లక్ష్మీనరసయ్య అక్క కృష్ణవేణమ్మ, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని.

"వైరు బాగల్యా అత్తా" అని వేణుగోపాల్ బజారుకు పరుగెత్తి కొత్త వైరు తెచ్చాడు. గంధం దానికీ అంటుకుంది. వంటింట్లో పప్పు చల్లారింది. పంతులుగారు రెండోసారి మజ్జిగ అడిగారు.

ఇక లాభం లేదని రమ్యశ్రీ పాత డెక్కు తెచ్చి, ఎర్ర, తెల్ల వైర్లు తగిలించి క్యాసెట్టు వేసింది. సౌండు తగ్గించాలని ఎవరికీ తోచలేదు. హారతి సగం చరణం వీధంతా మోగింది. ఆ వెంటనే అనసూయమ్మ ఆగి కేకేసింది.

"ఏమయ్యా, యాడుండావు? మీయక్క మల్లా వస్తాందంట. వచ్చినప్పుడల్లా నా చింతపండు జాడీ ఖాళీ చేసి పోతాది. ఈసారి వంటింటికి తాళమేసి..."

ఎదురింటివాళ్లు గడపలోకి వచ్చారు. కృష్ణవేణమ్మ ముందు వరసలోనే ఉంది. వేణుగోపాల్ కంగారుగా డెక్కు మీద పడ్డాడు.

"తీయొద్దురా" అన్నాడు లక్ష్మీనరసయ్య. అప్పటికే క్యాసెట్టు వాడి చేతిలో ఉంది, టేపు సగం డెక్కులో ఉంది. లాగితే తెగింది.

రమ్యశ్రీ వైర్లు విప్పుతూ, వెనక వెలుగు వచ్చే కన్నానికి గంధం అడ్డుపడి ఉండటం చూసి, కన్నాన్నీ డిజిటల్ వైరు కొసనూ కొంగుతో తుడిచి మళ్లీ గుచ్చింది. ఈసారి సీడీ పలికింది. పాట నిజంగానే అద్దంలా వచ్చింది. లక్ష్మీనరసయ్య చరణం సగం దాకా ఊపిరి బిగబట్టుకున్నాడు. పాట ఆగకుండా సాగిపోయింది.

"నన్ను పిల్చింది యాడ పోయెరా?" అన్నాడు.

"పాటకు అడ్డమని తీయిస్తి నాయనా" అన్నాడు వేణుగోపాల్, తల ఎత్తకుండా.

లక్ష్మీనరసయ్య అందరి ముందే ఏడ్చాడు. ఆమె పోయిన రోజున కూడా ఆయన అంతగా ఏడవలేదు.

కృష్ణవేణమ్మ లేచింది. అలిగి వెళ్లిపోతుందనుకుని రమ్యశ్రీ అడ్డం వచ్చింది. కృష్ణవేణమ్మ మేనకోడల్ని తప్పించుకుని వచ్చి తమ్ముని పక్కన చతికిలబడింది.

"ఆ పొద్దు నేను వాకిట్లోకొచ్చి అంతా వింటి నరసయ్యా. అందుకే గదా నేనూ అనసూయా మాటలాపింది. ఒక్క మాట కూడా మర్సిపోలా. చెప్తా, విను."

ఆమె గొంతు సవరించుకుని, "ఏమయ్యా, యాడుండావు?" అని మొదలుపెట్టింది. అచ్చం అనసూయమ్మ సాగదీసినట్టే సాగదీసింది. లక్ష్మీనరసయ్య కళ్లు మూసుకున్నాడు. చింతపండు జాడీ దాకా వచ్చేసరికి కృష్ణవేణమ్మ గొంతు కాస్త తగ్గింది.

"అట్ల గాదక్కా. అనసూయ ఇంగా గట్టిగా తిట్టేది" అని ఆయన సరిదిద్దాడు.