తడి సిమెంటు మీద పులిమేక

మేరుపర్వతానికి దక్షిణ దిగ్భాగంలో, పేరుకు నదియై తీరుకు ఇసుకమేటయైన పెన్నమ్మ ఏలే సీమలో, మేఘుడు దారి తప్పితే తప్ప అడుగుపెట్టని అనంతపుర మహానగరంలో, గానుగల వీధిలో, శ్రావణమాసాన, స్థిరవాసరాన, మధ్యాహ్నం మూడు గంటల శుభముహూర్తాన, కాలువ పనుల ధూళి దశదిశలను కప్పుతుండగా జరిగిన ఒక ఘోరసంగ్రామాన్ని చెబుతాను. చెవులున్నవారు వినండి. చెవులు మందగించినవారు కాస్త దగ్గరకు జరగండి.

ఆ వీధిలో ఈశ్వరప్ప అనే వీరుడు కలడు. డెబ్బై రెండేళ్లవాడు, శనివారాల ఒంటిపూట భోజనుడు, వేరుశనగ మిల్లులో ముప్పై నాలుగేళ్లు కాటా దగ్గర నిలిచి ఏ బస్తాకూ అన్యాయం చేయనివాడు. ఆయన ఆయుధం గొడుగు. నల్లని గుడ్డ, వంకీ పిడి, ఇనుప మొన కలిగిన ఆ మహాయుధాన్ని కొన్న నాలుగేళ్ల నుంచి ఒక్కనాడైనా ఇంట మరచి ఎరుగడు. ఒక్కనాడైనా విప్పి ఎరుగడు. ఆ నాలుగేళ్లలో కురిసిన అరకొర వానలన్నీ ఆయన నిద్రపోయిన వేళల్లోనే కురిశాయి.

"వానే లేనప్పుడు గొడుగెందుకప్పా?" అని వీధి నవ్వేది.

"వాన వచ్చినప్పుడు గొడుగు లేదంటే దేవునికి మర్యాదగా ఉంటాదా?" అని ఆయన గంభీరంగా అనేవాడు.

ఇంతటి వీరునికి ప్రాణసమానుడైన శత్రువు ఒకడుండాలి కదా! ఉన్నాడు. యేసన్న, మిషను మూసేసిన దర్జీ. ఆంజనేయస్వామి గుడి ముందు పరచిన నల్లబండ మీద, ఏ పూర్వులు చెక్కారో ఎవరికీ తెలియని పులిమేక గడి ఉండేది. పది గీతలు, ఇరవై మూడు బిందువులు. యేసన్న కోటు గుండీలు మూడు పులులు; ఈశ్వరప్ప చింతపిక్కలు పదిహేను మేకలు. పులులు మేకల మీదుగా దూకి తింటాయి, మేకలు పులులను చుట్టుముట్టి కదలనీయవు. పదకొండేళ్లుగా ప్రతి సాయంత్రం అక్కడ మహారణం సాగేది. ఆ తిట్లు విని గుడిలో పూజారి గంట గట్టిగా కొట్టేవాడు.

కాలం గానుగల వీధిని ఎన్ని విధాల మార్చలేదు! మిల్లు ఫంక్షన్ హాలయింది. టాకీసు బట్టల దుకాణమయింది. సోడాబండి నిలిచిన చోట సెల్‌ఫోన్ కొట్టు వెలిసింది. అన్నిటినీ ఈశ్వరప్ప సహించాడు. కాని పీతవర్ణ శరీరుడు, ఏకహస్తుడు, ఇనుపదంతుడు అయిన జేసీబీ రాక్షసుడు ఒక ఉదయాన గర్జిస్తూ వచ్చి, ఆ బండను పెళ్లగించి, రెండు తునకలు చేసి, ట్రాక్టరులో పారవేసినప్పుడు మాత్రం ఆ ధీరుని కింది పెదవి అదిరింది.

సుద్దముక్కతో గడి గీశాడు. అనంతపురం గాలి చెరిపివేసింది. అట్టముక్క మీద గీసి తెచ్చాడు. అదే గాలి అట్టను, మేకలను కలిపి ఫంక్షన్ హాలు గేటు దాకా తోలుకుపోయింది. యేసన్న లేచి తుండుగుడ్డ దులుపుకున్నాడు.

"బండ లేనప్పుడు ఈడ ఏమి పనప్పా నాకు? ఫోన్లోనే ఉండాది పులిమేక. మేకను తింటే మే అని అరుస్తాది గూడా."

మరునాటి నుంచి యేసన్న గడప దాటలేదు. పద్నాలుగు సాయంత్రాలు ఈశ్వరప్ప గుడి గోడకు ఒరిగి, జేబులో చింతపిక్కలు గలగలలాడించుకుంటూ కూర్చున్నాడు. పులి లేని మేకలంత దిక్కులేనివి ఈ లోకంలో మరి లేవు.

పదిహేనో నాడే మనం చెప్పుకుంటున్న శనివారం. గుడి ముందు కాలిబాట మీద, అద్దంలా, వెన్నలా, విధాత ఇంకా ఏమీ రాయని నుదురులా, తడి సిమెంటు! దానికి కావలి కంబదూరు మేస్త్రీ బయ్యన్న, తాపీ చేత ధరించిన దుర్గరక్షకుడు. అతడు వీధి చివరకు టీ తాగడానికి కదిలాడో లేదో, ఈశ్వరప్ప గుడివైపు తిరిగి చేతులు జోడించాడు.

"స్వామీ! ఒకరు అలికిన దాన్ని గీకడం పాపమే, నాకు తెలుసు. అయినా అడుగుతాండా, కోపపడాకు. లంక కాల్చేటప్పుడు నువ్వు ఎవుర్ని అడిగి కాల్చినావు?"

స్వామి ఏమీ అనలేదు. మౌనాన్ని అంగీకారంగా తీసుకోవడం భక్తుల అనాదిహక్కు.

అంతట ఆ వీరుడు మోకాళ్లు వంచాడు. కుడిమోకాలు వద్దన్నది, ఎడమది వంత పాడింది. రెండింటినీ ధిక్కరించి, గొడుగును అధోముఖం చేసి, ఇనుప మొనను సిమెంటులో నాటి, గీశాడు! శిఖరం నుంచి నాలుగు ఏటవాలు గీతలు దిగాయి. అడ్డంగా నాలుగు పడ్డాయి. కుడిపక్క నిలువు గీత పడింది. తొమ్మిది! ఇక ఎడమపక్క గీత ఒక్కటే మిగిలి ఉండగా, గడి మీద ఒక నీడ వాలింది.

"ఏమప్పా పెద్దాయనా, యేం చేస్తాండావు నువ్వు?" అన్నాడు బయ్యన్న. "పొద్దున్నించి నడుము ఇరిగేట్ల సాపు చేస్తి! ఇంజినీరు చూస్తే నా చర్మం వొలుస్తాడు!"

మోకాళ్ల మీద ఉన్నవాడు పారిపోలేడు కనుక ఈశ్వరప్ప శౌర్యమే వహించాడు. "వొలిస్తే నాది వొలవమను! నా బండ తీసుకపోయినారు, దాని జాగాలో గడి పెట్టుకుంటాండా. రోడ్డేమన్నా ఎత్తుకపోతాండానా?"

బయ్యన్న తాపీ ఎత్తాడు. ఒక్క ఊపుతో తొమ్మిది గీతలూ మాసిపోయేవే. కాని అతని చూపు గడి మీద పడి చిక్కుకుంది.

"పులిమేకనా?"

"ఊఁ."

"ఎడమపక్క గీత యాడ?"

"నువ్వు గీయనిస్తే కదా!"

సరిగ్గా అప్పుడు ఆకాశం ఉరిమింది. చిటపటమని చినుకు పడింది. బయ్యన్న పరుగున ప్లాస్టిక్ పట్ట తెచ్చి సిమెంటు మీద కప్పాడు. గుడి దాకా రాకుండానే పట్ట అయిపోయింది. గడి ఒక్కటే నగ్నంగా నిలిచింది.

"దేవుణ్ణి అడుగు పెద్దాయనా, అర్ధగంట నిలపమను!"

ఈశ్వరప్ప నోరు తెరిచాడు. కాని ఏ నోటితో అడగడం? నలభై ఏళ్లుగా ప్రతి పొద్దూ, స్వామీ వాన, స్వామీ వాన అని అడిగిన నోరది. పులిమేక కోసం పైరుకు దక్కే నీళ్లు ఆపమనడమా? అలా అడిగితే మాత్రం స్వామి ఎవరి మాట వినాలి? ఆయన నోరు మూశాడు. గొడుగు ఎత్తాడు.

నాలుగేళ్ల తుప్పు! ఒకసారి తోశాడు, కదలలేదు. రెండోసారి పళ్లు బిగించాడు, మూలిగింది. మూడోసారి "జై ఆంజనేయా!" అని సింహనాదం చేయగా, ఫటాలున గొడుగు విచ్చుకుంది. దాన్ని తన తలకు కాదు, గడికి పట్టాడు. వాన ఆయన వీపు మీద డప్పు వాయించింది. బయ్యన్న ఆ గొడుగు కిందికే దూరి, గొంతుకూర్చొని, గొణిగాడు.

"మా ఊర్లో గొర్రెలు మేపేటప్పుడు ఈ ఆటలో నన్ను గెలిచినోడు లేడు." తాపీ అంచుతో పదో గీతను తానే గీశాడు. కోటకు కావలి ఉన్నవాడే కోట తలుపు తెరిచాడు!

వాన పదకొండు నిమిషాలు కురిసి, అనంతపురంలో ఉన్నానని గుర్తుకొచ్చినట్టు ఆగిపోయింది. వానను చూడటానికి వీధి వీధంతా బయటికి వచ్చింది. యేసన్న కూడా వచ్చాడు. తడిసి ముద్దైన మిత్రుణ్ణి చూశాడు, గొడుగు చూశాడు, వంగి గడి చూశాడు.

"ఎవురప్పా గీసింది? వంకరగా ఉండాది."

"నీ ఫోన్లో చక్కగా ఉంటాది, పో, ఆడుకోపో," అన్నాడు ఈశ్వరప్ప.

యేసన్న పోలేదు. చొక్కా జేబులో చెయ్యి పెట్టాడు. బయటికి వచ్చినవి మూడు కోటు గుండీలు! పద్నాలుగు దినాలుగా అవి ఆ జేబులోనే ఉన్నాయి.

"ఆగండి సామీ!" అని అరిచాడు బయ్యన్న. "ఏడు దినాలు నీళ్లు పట్టాల. అంతవరకు పులి గాని, మేక గాని కాలు పెడితే ఊరుకోను. ఎనిమిదో దినం మొదటి ఆట నాతో."

"అట్లయితే ఏడు దినాలూ ఈడనే కూచుంటా," అన్నాడు యేసన్న. "కుక్కలు తొక్కకుండా కాపలా ఉండొద్దా?" అని గుడి గోడకు ఒరిగి, కాస్త జరిగి చోటిచ్చాడు. ఈశ్వరప్ప కూర్చొని తుమ్మాడు.

జయము! జయము! చదరపు గజమైనా లేని సామ్రాజ్యం సంపూర్ణంగా జయింపబడింది! వీరుని నష్టం ఒక తడిసిన చొక్కా. లాభం పది గీతలు, ఒక శత్రువు. ఈ గాథను భక్తితో విన్నవారి మేకలను పులులు తినకుండును గాక. వినని వారి గొడుగులు సైతం వానను చూచును గాక.