రాజధాని గొంతు

ఆ రోజుకి పెద్దక్క వేసుకున్న పథకం చాలా చిన్నది. అలాగేనండిని సాయంత్రం దాకా ఫోను దగ్గరికి రానివ్వకూడదు. పొద్దున్నే కూతురికి జడ వేస్తూ ఆ ఒక్క మాటే గొణుక్కుంటూ కూర్చుంది.

"అలాగేనండి ఎవరమ్మా?" అంది కూతురు.

"మా ఆఫీసులో ఓ మంచి మనిషిలే. ఆ మంచితనమే ఇవాళ మా కొంప ముంచేలా ఉంది. తల కదపకు!"

మూతపడ్డ సినిమాహాలు మేడ మీద ఒక పెద్ద గది. అదే వాళ్ల ఆఫీసు, అక్కడ అజమాయిషీ పెద్దక్కది. కంప్యూటర్లో పాఠాలు చెప్పుకునే పంతుళ్లకు యాప్ అమ్మే కంపెనీ అది. కంపెనీ రాజధానిలో, కొనేవాళ్లు రాజధానిలో. ఆ యాప్ మొరాయిస్తే ఫోను మోగేది మాత్రం ఈ మారుమూల ఊళ్లో. ఎందుకంటే ఇక్కడ గది చవక, మనిషి ఇంకా చవక. అయితే ఆ సంగతి ఫోను చేసినవాళ్లకు తెలియకూడదన్నది పైవాళ్ల కట్టడి. చిన్న ఊరివాళ్లకు కంప్యూటర్ల సంగతేం తెలుసని జనం ఫోను పెట్టేస్తారట! అందుకని గోడకు రాజధాని పటం తగిలించారు. రోజూ పొద్దున్నే రాజధానిలో ఎండో వానో చూసుకుని బల్ల మీద చీటీ పెడతారు. కింద దొడ్లో మేకలు అరుస్తుంటాయి కాబట్టి కిటికీలు బిగించి, ఓ మూల చిన్న యంత్రంలో ట్రాఫిక్ మోత వేసి ఉంచుతారు. ఇంత హంగామా ఉంటే ఎవరైనా నమ్మాల్సిందే మరి!

ఇక అలాగేనండి. ఆయన అసలు పేరు ఇంట్లో భార్యకైనా గుర్తుందో లేదో. పెద్ద మీసాలు, గంభీరమైన గొంతు, చూడగానే చేతులు జోడించాలనిపించే విగ్రహం. కాని ఆ నోట "కాదు" అన్న మాట పుట్టదు. ఎవరేం అడిగినా "అలాగేనండి" అనేస్తాడు. అన్నాక, పాపం, చేసి తీరుతాడు కూడా.

ఆ రోజు రాజధాని నుంచి పరిశీలకుడు వస్తున్నాడు. పక్కన కూర్చుని ఫోన్లు వింటాడు. అవతలివాళ్లకు ఇది రాజధాని కాదన్న అనుమానం వచ్చిందా, శాఖ మూత. ఉద్యోగం కావాలనుకున్నవాళ్లు మూటాముల్లె సర్దుకుని రాజధానికి పోవాలి. పెద్దక్కకు ఆ బతుకు తెలుసు. ఈ శాఖ తెరవకముందు అక్కడే హాస్టల్లో ఉండేది, కూతురి మొహం ఫోనులో చూసుకుని ఏడ్చేది. కూతురికి మొదటి పన్ను ఊడిన సంగతి కూడా ఫోనులోనే తెలిసింది. మళ్లీ ఆ బతుకు తన వల్ల కాదు.

ఆఫీసుకు రాగానే అలాగేనండిని సామాన్ల గదిలోకి పంపి, "ఆ వైర్ల చిక్కులు విప్పండి, సాయంత్రం దాకా బయటికి రాకండి" అంది. ఆయన "అలాగేనండి" అన్నాడు. ఇంకేం, సగం గండం గడిచిందనుకుంది.

పరిశీలకుడు వచ్చాడు. కుర్చీని జేబురుమాలుతో తుడుచుకున్నాడు. గదంతా ఓసారి కలయజూసి, సామాన్ల గది తలుపు సందులోంచి కనిపిస్తున్న మీసాల దగ్గర ఆగాడు.

"ఆయనెవరు? మంచి అనుభవం ఉన్నవారిలా ఉన్నారు. నేను ఆయన పక్కన కూర్చుంటాను."

"ఆయన చాలా పనిలో ఉన్నారండి..." అంది పెద్దక్క.

"ఒకసారి ఇలా వస్తారా?" అని పిలిచాడు పరిశీలకుడు.

"అలాగేనండి" అంటూ వచ్చేశాడు. పరిశీలకుడు ఇంకో జత ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నాడు. ఆ వెంటనే ఫోను మోగింది.

"బాబూ, నేను లెక్కల పంతులమ్మని" అంది అవతలి గొంతు. "కాసేపట్లో క్లాసుంది. నా మొహం పిల్లలకు కనపడ్డం లేదు. తెరంతా నల్లగా ఉంది."

అది నొక్కండి, ఇది నొక్కండి అని అన్నీ చెప్పాడు. లాభం లేకపోయింది.

"బాబూ, ఇంతకీ నువ్వు రాజధానిలోనే ఉన్నావా?"

"అవునండి" అన్నాడు, పరిశీలకుడి వైపు గర్వంగా చూస్తూ.

"ఎక్కడ?"

అలాగేనండి కంగారుగా గోడ వైపు తిరిగాడు. ఆవిడ చిరునామా ఎదురుగా తెర మీదే ఉంది. పటంలో ఆ వీధి మీద వేలు పెట్టి, దాని పక్కన ఏది తగిలితే అదే చెప్పేశాడు. "మీ పక్క వీధేనండి!"

పెద్దక్క నెత్తి కొట్టుకుంది.

"నా తండ్రే! అయితే ఒక్కసారి వచ్చి చూసిపో నాయనా."

"అలాగేనండి."

పరిశీలకుడి కనుబొమలు పైకి లేచాయి. పెద్దక్క ఒక్క అంగలో వచ్చి ఆ ఇయర్‌ఫోన్లు లాగి తన తలకు తగిలించుకుంది.

"అమ్మా, మావాడు బయల్దేరాడండి. కాకపోతే ట్రాఫిక్కు... వినపడుతోందిగా?" అంటూ యంత్రం గొంతు పెంచమని పక్కవాళ్లకు సైగ చేసింది. గదంతా హారన్లతో హోరెత్తిపోయింది.

"అయ్యో, అదేగా! ఇక్కడా అదే గోల" అంది పంతులమ్మ తడబడుతూ. "మా వీధిలో ఫ్లైఓవరు కడుతున్నారు కదా, ఒకటే దుమ్ము."

"ఆ దుమ్ములోనే చిక్కుకున్నాడండి, పాపం!"

పరిశీలకుడు పెద్దక్క చెవిలో గుసగుసలాడాడు. "ఆ వీధిలో ఫ్లైఓవరేమిటమ్మా? మా పిన్ని ఉండేది అక్కడే. రెండు సైకిళ్లు ఎదురైతే ఒకరు దిగాలి!"

"పైగా ఎండ మండిపోతోంది" అంది పెద్దక్క, బల్ల మీది చీటీ చూసి.

"ఎండా? ఇక్కడ వాన పడుతోందే."

"అవునండీ... మా వీధి దాకా ఎండ. మీ వీధిలోనే వాన."

పంతులమ్మ కాదనలేదు. పెద్దక్కకు అదే ఆశ్చర్యమనిపించింది. కాని ఆలోచించే తీరికేదీ? అప్పుడే కిటికీలోంచి చూస్తే అలాగేనండి సంచీ భుజాన వేసుకుని మెట్లు దిగిపోతున్నాడు. కిటికీ రెక్క తోసి, నోటి దగ్గర మైకు ఉందన్న సంగతే మరచిపోయి అరిచింది.

"ఏమండోయ్! ఎక్కడికి?"

"బస్టాండుకండి. వస్తానని మాటిచ్చాను కదండి."

"మీకేమైనా మతిపోయిందా? ఇక్కణ్ణుంచి రాజధాని చేరేసరికి తెల్లారుతుంది!"

ఆ మాట నోరు దాటాక గానీ ఏం చేసిందో ఆవిడకు తెలియలేదు. పరిశీలకుడు కలం మూత తీశాడు. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. ట్రాఫిక్ మోత టక్కున ఆగిపోయి, తెరిచిన కిటికీలోంచి మేకల అరుపులు లోపలికొచ్చాయి. ఫోను మాత్రం బ్యాటరీ మీద బతికే ఉంది. అయిపోయింది, అంతా అయిపోయింది అనుకుంది పెద్దక్క. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"అమ్మాయీ" అంది పంతులమ్మ నెమ్మదిగా. "మీకూ కరెంటు పోయిందా?"

"పోయిందండి."

"ఇప్పుడేనా?"

"ఇప్పుడేనండి."

"ఏ ఊరు మీది? అబద్ధమాడకు. ఎంతమంది పిల్లల్ని చూశాను నేను!"

ఇంకా దాచడానికేం మిగిలింది? పెద్దక్క ఊరి పేరు, సినిమాహాలు, మేడ, అన్నీ చెప్పేసింది. అవతల పకపకా నవ్వు.

"ఓసి నీ అసాధ్యం కూలా! ఆ హాలు వెనక సందులో పచ్చ గేటు మాదేనే! రాజధాని అడ్రసు మా చెల్లెలిది. ఆ ఫ్లైఓవరూ, వానా నేను కల్పించినవే. ఈ ఊరి పంతులమ్మనంటే అక్కడి తల్లిదండ్రులు పిల్లల్ని చేర్పించరు. రాజధాని పంతులమ్మనంటే ఎగబడి చేర్పిస్తున్నారు. ఎక్కడ చెప్పినా అవే లెక్కలు కదమ్మా! సరే, ఎవరినైనా తొందరగా పంపు, నా పరువు పోయేలా ఉంది."

అలాగేనండిని సందు మొదట్లోనే పట్టుకుని పచ్చ గేటు వైపు తిప్పారు. వెనకే పెద్దక్క, ఆవిడ వెనక పరిశీలకుడు. వాళ్లు గుమ్మం ఎక్కేసరికి కరెంటూ వచ్చింది. చూస్తే కంప్యూటరు పైన కెమెరాకు చిన్న మూత ఉంది. పంతులమ్మ పొద్దున దుమ్ము తుడుస్తుంటే అది జరిగి మూసుకుపోయింది. అలాగేనండి గోటితో అలా పక్కకు నెట్టాడు. తెర నిండా పిల్లలు "గుడ్ మార్నింగ్ టీచర్!" అని కేకలు పెట్టారు. పంతులమ్మ ఆయనకు దణ్ణం పెట్టినంత పని చేసి, కంపెనీకి ఫోను చేసి ఇంత మంచి సేవ నా జన్మలో చూడలేదని చెప్పేసింది.

పరిశీలకుడు వీధిలోకి వచ్చి మెచ్చుకోలుగా తల ఊపాడు.

"ఈ శాఖను మూసేయడమా! ఎవరన్నారు? ఇంకా ఫోను పెట్టకముందే మనిషి బయల్దేరాడు. రాజధానిలో మావాళ్లకు చేతనైందా ఇది? మీరు నిజంగా వజ్రాలమ్మా."

పెద్దక్కకు ఏనుగెక్కినంత సంబరమైంది. ఆ వీధిలోనే ఆయన కాళ్ల మీద పడిపోదామనిపించింది.

"ఇంత తెలివైనవాళ్లు ఇలాంటి మూల ఊళ్లో మగ్గిపోకూడదు" అన్నాడాయన ఉత్సాహంగా. "మొత్తం శాఖనే రాజధానికి మార్చమని రాసేస్తాను. ఏమంటారు?"

అలాగేనండి నోరు తెరిచాడు. పెద్దక్క ఆయన కాలు కసుక్కున తొక్కింది.

"అయ్యా, మేం అంత తెలివైనవాళ్లం కాదండి" అంది గబగబా. "ఇవాళ ఏదో అలా కుదిరిపోయింది. మొన్న ఒకాయనకు నేను తప్పు బటను చెప్పి నెల రోజుల పాఠాలు ఊడ్చిపెట్టేశాను. మాది మట్టిబుర్రలండి. దయచేసి అలా రాయకండి!"

"అదేమిటమ్మా, నిజం రాయొద్దా?"

"కొంచెం తగ్గించి రాయండి, బాబ్బాబు, మీకు పుణ్యముంటుంది!"

ఆయన "అద్భుతం" దగ్గర భీష్మించుకున్నాడు. ఆవిడ "అధ్వాన్నం" దగ్గర మొదలుపెట్టింది. సందు చివరికి వచ్చేసరికి ఆయన "చాలా బాగుంది" దాకా దిగాడు. మేడమెట్లు సగం ఎక్కేసరికి "బాగుంది" అన్నాడు. పెద్దక్క ఆయాసపడుతూనే బతిమాలుతూ ఎక్కింది. ఆఖరికి గుమ్మంలో "ఫర్వాలేదు, నడవనివ్వచ్చు" దగ్గర రాజీ కుదిరింది.

అత్తెసరు మార్కులకు స్వీట్లు పంచుకున్న ఆఫీసు లోకంలో అదొక్కటే.