కొబ్బరి నూనెతో కొండెక్కడం

శుక్రవారం ఉదయం లలిత వేసుకున్న ప్లాన్ చాలా చిన్నది. తొమ్మిదింటి మీటింగ్‌లోపు నలుగురి స్కీ సామాన్లూ సర్దేయాలి. మధ్యాహ్నం మూడింటికల్లా అందరూ శాంటా క్లారా నుంచి బయల్దేరాలి.

నాలుగేళ్లుగా ప్రతి ఏప్రిల్‌లోనూ ఆమె భర్త భీమశంకర్, అతని ఆఫీసు స్నేహితులు కిరణ్‌కుమార్, దేవ్ కలిసి టాహో సరస్సు వైపు కొండల్లో చెక్క కేబిన్ అద్దెకు తీసుకుంటున్నారు. లిఫ్టు లేని మంచు కొండను స్కీలతోనే ఎక్కి, స్కీలతోనే దిగడం వాళ్ల సరదా. లలిత కేబిన్‌లో ఉండి ఉప్మా చేసేది. ఈసారి ఆరు శనివారాలు క్లాసులకెళ్లి స్కీయింగ్ నేర్చుకుని, నేనూ కొండెక్కుతానంది.

"దిగడం నేర్చుకున్నావు, బాగుంది. ఎక్కడం వేరు. నువ్వు మధ్యలో కూలబడితే మా ట్రిప్ స్పాయిల్ అవుతుంది," అన్నాడు భీమశంకర్.

"కూలబడితే మళ్లీ వస్తానని అడగను. ఎక్కితే మాత్రం నన్ను ఆపకండి," అంది లలిత.

కిరణ్, దేవ్ ముందురోజే తమ బ్యాగులు గరాజ్‌లో పెట్టి వెళ్లారు. లలిత ఒక్కొక్కటీ తెరిచి చూసింది. అన్నిట్లోనూ 'స్కిన్స్' ఉన్నాయి. ఎక్కేటప్పుడు స్కీల అడుగున అంటించుకునే పొడవాటి పట్టీలవి. ఒకవైపు వెనక్కి జారకుండా పట్టే నూగు, రెండోవైపు జిగురు. క్లాసుల్లో నేర్పింది దిగడం మాత్రమే కాబట్టి ఆ జిగురు సంగతి లలితకు తెలియదు. ఆమెకు కనిపించింది దుమ్ము, దారప్పోగులు, ఎవరిదో కుక్క వెంట్రుకలు.

కొత్త స్టీలు గిన్నెకు అంటుకున్న స్టిక్కర్ ఎలా వదిలించాలో లలితకు బాగా తెలుసు. కొబ్బరి నూనె సీసా తెచ్చింది. నాలుగు జతలూ శుభ్రంగా రుద్ది, గిన్నెల సబ్బుతో కడిగి, బాల్కనీలో ఆరేసింది. పట్టీలు పట్టులా మెరిశాయి. మీటింగ్‌కి రెండు నిమిషాలు ఆలస్యమైంది, అంతే.

శనివారం ఉదయం ఏడింటికి కొండ కింద అందరూ స్కీలు పరిచారు. దేవ్ స్కిన్ అంటించాడు. అది ఊడి పడింది.

"ఆంటీ, నా స్కిన్స్ స్టిక్ అవ్వట్లేదు," అన్నాడు దేవ్. అతను పుట్టిందీ పెరిగిందీ ఈ దేశంలోనే.

"చలికి గ్లూ గట్టిపడుతుంది. ఒంటి వేడి తగలాలి. షర్ట్‌లో పెట్టుకో," అన్నాడు భీమశంకర్, అనుభవమున్న గొంతుతో. మగవాళ్లు ముగ్గురూ చల్లటి పట్టీలను చొక్కాల్లో దోపుకుని, పళ్లు కటకటలాడిస్తూ పావుగంట నిలబడ్డారు.

"శంకరన్నా, కొబ్బరి నూనె వాసనొస్తోంది. తలకి రాసుకున్నావా?" అన్నాడు కిరణ్.

తను రుద్ది కడిగేసింది ఆ గ్లూనేనని లలితకు అప్పుడర్థమైంది. సంగతి ఇప్పుడు చెబితే అందరూ ఇక్కణ్నుంచే వెనక్కి తిరుగుతారు. 'అందుకే వద్దన్నాను' అనే మాట జన్మంతా వినాలి. ఆమె స్కీలు రెండూ కట్టి భుజానికెత్తుకుంది. రాత్రి చలికి మంచు పైపొర గట్టిపడి ఉంది. బూటు ముక్కుతో గట్టిగా తన్నితే మెట్టు తెగుతోంది. ఎక్కడం మొదలుపెట్టింది.

"లలితా, అలా ఎవరూ ఎక్కరు!" అరిచాడు భీమశంకర్.

"ఎక్కుతున్నానుగా!" అంది వెనక్కి తిరక్కుండా.

ఆమెలా నడిచి వెళ్లడం నామోషీ అనిపించి ముగ్గురూ స్కిన్స్‌ని టేపుతో చుట్టి బయల్దేరారు. పది అడుగులకోసారి టేపు తెగింది. అరగంటయ్యాక భీమశంకర్ ఒక స్కీ విప్పి, టేపు కోసం జేబులో చెయ్యి పెట్టాడు. స్కీ జారుకుంది. రయ్యిమంటూ కిందికి పోయి పార్కింగ్‌లో ఒక కారు ముందు ఆగింది.

ఆ కారులో కూర్చుని కాఫీ తాగుతున్నావిడ, మనిషి లేకుండా వచ్చిన స్కీని చూసి హడలిపోయి అత్యవసర నంబరు 911కి ఫోన్ చేసింది. కాసేపటికి ఇద్దరు రెస్క్యూ వాలంటీర్లు మంచు స్కూటర్ మీద వచ్చారు. వద్దంటున్నా వినకుండా భీమశంకర్‌కి ఎర్ర దుప్పటి చుట్టారు.

"మీలో లీడర్ ఎవరు?" అడిగింది వాలంటీరు, కాగితం తీసి. ఆమె ముఖం చూస్తే తిట్లు ఖాయమని తెలుస్తోంది. ముగ్గురూ ఒకరినొకరు చూసుకున్నారు. తర్వాత ముగ్గురి చేతులూ కొండ పైకి చూపించాయి. శిఖరం అంచున చిన్న చుక్కలా లలిత కనిపిస్తోంది.

లలిత శిఖరం మీదికి చేరింది. దూరంగా సరస్సు నీలంగా మెరుస్తోంది. ఎవరూ లేరు కాబట్టి గట్టిగా ఒక కేక వేసింది. స్కీలు తొడుక్కుని కిందికి జారుతూ, రెండుసార్లు పడి, మూడోసారి కిరణ్‌ని గుద్దుకుని ఆగింది.

"లీడర్ మీరే కదా?" వాలంటీరు కాగితం చూపించింది. లీడర్ అన్నచోట లలిత పేరే ఉంది. లలిత ముగ్గురి వంకా చూసింది. ముగ్గురూ మంచును పరిశీలిస్తున్నారు.

"అవును, నేనే," అంది లలిత. బయల్దేరేముందు సామాన్లు చెక్ చేసుకోవాలని వాలంటీరు పెట్టిన చీవాట్లన్నీ నిలబడి విని, సంతకం పెట్టింది.

స్కూటర్ వెళ్లిపోయాక భీమశంకర్ దుప్పటి సర్దుకున్నాడు. "అసలా గ్లూ ఏమైనట్టు?"

"నేనే తీసేశాను. కొబ్బరి నూనెతో. నలుగురివీ."

"నువ్వా? ఎవర్నడిగి తీశావ్?"

"నేను లీడర్ని. ఎవర్నడగాలి?" అంది లలిత. "రేపు ఆరింటికే, మంచు గట్టిగా ఉన్నప్పుడే బయల్దేరుతున్నాం. స్కీలు భుజాన. రాలేనివాళ్లు ఇప్పుడే చెప్పండి."

"ఓకే ఆంటీ," అన్నాడు దేవ్ వెంటనే. కిరణ్ తల ఊపాడు. భీమశంకర్ మాత్రం తన కాలు బెణికినట్టుందన్నాడు.

ఆదివారం నలుగురూ ఎక్కారు. భీమశంకర్ దారంతా కుంటుతూనే నడిచాడు కానీ, ఏ కాలో రెండుసార్లు మర్చిపోయాడు.