బిగించని మంచం వల్ల లాభాలు

…కాబట్టి మంచాన్ని బిగించకుండా అట్టపెట్టెలోనే ఉంచుకోవడం నాగరికతకు పరాకాష్ఠ అని నేను నిరూపించగలను. నవ్వకండి! జనగామలో ఈ మూడో అంతస్తు ఫ్లాట్‌లోకి దిగి ఇరవై రెండు రోజులైంది. మంచం, బీరువా, రెండు కుర్చీలు నాలుగు పెట్టెల్లో పడుకుని ఉన్నాయి. నేను వాటి పక్కన చాప మీద పడుకుంటున్నాను. మా మధ్య ఇంతవరకు ఒక్క గొడవ లేదు.

మీరే ఆలోచించండి. పెట్టెలో ఉన్న మంచం ఎప్పుడైనా కిర్రుమన్నదా? బిగించిన మంచం ఒక గోడకే అంటుకుపోతుంది. బిగించనిది తూర్పు గోడకీ సరిపోతుంది, పడమటి గోడకీ సరిపోతుంది! మనసు మంచం మీద పడుకోదు, మంచం గురించిన ఊహ మీద పడుకుంటుంది.

నేను సోమరినని అనుకునేరు. నా దగ్గర గ్రాఫ్ కాగితం మీద గీసిన పదకొండు పేజీల ప్లాన్ ఉంది. తల దక్షిణానికి పెడితే ప్లగ్ పాయింట్ కాళ్ల దగ్గరికి వస్తుంది. తూర్పుకి పెడితే బీరువా తలుపు సగమే తెరుచుకుంటుంది. పోనీండి, సగం చొక్కాలే కనిపిస్తే ఏది వేసుకోవాలనే మానసిక ఒత్తిడీ సగమే!

స్క్రూలన్నీ సైజులవారీగా పోపుల పెట్టెలో సర్దాను. ఆవాల గిన్నెలో పొట్టివి, జీలకర్ర గిన్నెలో పొడుగువి, పసుపు గిన్నెలో వాటిని బిగించే వంకర కీ. ఇరవై రెండు రోజులుగా పప్పుకి పోపు లేదు. ఆరోగ్యానికి ఎంత మంచిది!

ఎదురు ఫ్లాట్ బిక్షపతి గారికి ఈ లోతు అందదు. కొడకండ్లలో వ్యవసాయం చేసి వచ్చిన మనిషి. పొద్దున తెరిచిన తలుపు చీకటి పడ్డాకే మూస్తారు.

“ఏంది సారూ, మంచం ఇంకా డబ్బలనే ఉన్నదా?”

“ప్లానింగ్ జరుగుతోందండీ.”

“నాలుగెకరాలు దున్ననీకి గూడ మేం ఇన్ని దినాలు ప్లాన్ ఎయ్యలే. మనిషి సాయం కావాల్నంటే చెప్పు.”

“అవసరం లేదండీ” అని తలుపు వేసుకున్నాను. తలుపు వేసుకోవడానికి కాకపోతే ఫ్లాట్ ఎందుకు?

నిన్న డోర్నకల్ నుంచి మా కవితక్క ఫోన్ చేసింది. మోకాలి ఆపరేషన్ అయి నెలైంది. ఇక్కడి దవాఖానలో పది రోజులు వ్యాయామం చేయిస్తారట. ఇవాళ మధ్యాహ్నం బండికి వచ్చి నా దగ్గరే ఉంటుంది.

“తమ్మీ, కింద కూసుంటే మళ్ల లేవరాదురా నాకు. మంచం బిగించినవా?”

“బిగించినట్టే అక్కా.”

“బిగించినట్టేనా, బిగించినవా?”

మనస్తత్వశాస్త్రం చదివినవాణ్ణి కాబట్టి, సిగ్నల్ లేదని చెప్పి ఫోన్ పెట్టేశాను.

సరే, చెప్పేస్తాను. మంచంతో వచ్చిన పుస్తకంలో అక్షరాలుండవు, బొమ్మలే. మొదటి పేజీలో ఒక మనిషి చెక్క పట్టుకుని ఒంటరిగా నిలబడ్డాడు, మొహం వేలాడేసుకుని. అతని మీద పెద్ద ఇంటూ గుర్తు! పక్క బొమ్మలో ఇద్దరున్నారు, నవ్వుతున్నారు. వాళ్ల మీద ఏ గుర్తూ లేదు. డబ్బు పెట్టి మంచం కొన్నవాణ్ణి ఇంతగా అవమానించవచ్చా? మొదటి రోజే పుస్తకం మూసి గ్రాఫ్ కాగితం తీశాను. నా పదకొండు పేజీల్లో వాస్తు ఉంది, ప్లగ్ పాయింట్ ఉంది, ఫ్యాన్ గాలి ఎటు తిరుగుతుందో కూడా ఉంది. ఆ రెండో మనిషి ఎక్కడా లేడు.

బండి మహబూబాబాద్ దాటిందని అక్క మెసేజ్ పెట్టింది.

పసుపు గిన్నెలోంచి కీ తీసుకుని తలుపు తెరిచాను. ఎదురు తలుపు తెరిచే ఉంది. బిక్షపతి గారు గడప దగ్గర కూర్చుని పల్లీలు ఒలుస్తున్నారు. నా చేతిలోని కీ వైపు చూశారు. నోటిదాకా వచ్చిన ‘అండీ’ని మింగేశాను.

“అన్నా, జర ఒక పక్క పట్టుకుంటవా?”