ఆరింటికి పన్నెండు చాపలు

శుక్రవారం పొద్దున్న ప్రభావతి టీచరు పెట్టుకున్న పని చాలా చిన్నది. బడికి బయలుదేరేలోగా పన్నెండు చాపలు పురమాయించాలి. అంతే.

చాపలు ఆమె ఇంటికి కాదు, సలోమి క్లాసుకి. ఏలూరు పవర్‌పేటలో ఒక మేడ మూడో అంతస్తులో, గోడలకి అద్దాలు బిగించిన హాల్లో సలోమి పొద్దున్న ఆరింటికి ఆడవాళ్ళకి వ్యాయామం నేర్పుతుంది. బ్యాచికి పన్నెండు మందే. హైదరాబాదులో పెద్దపెద్ద స్టూడియోల్లో నాలుగేళ్ళు పనిచేసి వచ్చిన పిల్ల. పాటలు పెట్టదు, అరవదు. పక్కకొచ్చి, "ఊపిరి వదలండి టీచరుగారూ" అని మెల్లగా చెబుతుంది. అలా ఎనిమిది నెలలు వదిలేసరికి ప్రభావతి నడుంనొప్పి కూడా ఆమెని వదిలింది. అప్పట్నుంచి ప్రభావతికి ఈ లోకంలో సలోమి మీద ఉన్న నమ్మకం ఇంకెవరి మీదా లేదు, చర్చిలో పాస్టరుగారితో సహా.

అయితే అదే హాల్లో సాయంత్రంపూట శ్రీకర్ అనే కుర్రాడు క్లాసు మొదలుపెట్టాడు. అద్దాలు అదిరేలా పాటలు పెట్టి, చిన్న బల్లల మీదికి ఎక్కించి దింపుతాడు. ఊళ్ళో ఆడవాళ్ళు అటు ఒరిగారు. సలోమికి ప్రభావతితో కలిపి ఐదుగురు మిగిలారు. హాలు యజమాని చలపతిరావుగారు నెమ్మదస్తుడు. నెమ్మదిగానే చెప్పాడు.

"శనివారం ఆరింటికొచ్చి చూస్తానమ్మా. పన్నెండు మందీ ఉంటే ఈ బ్యాచి నీదే. లేకపోతే శ్రీకర్ అడుగుతున్నాడు, అతనికిచ్చేస్తాను."

శ్రీకర్‌ని ప్రభావతి ఎప్పుడూ చూడలేదు. చూడకుండానే ఒక అభిప్రాయానికి వచ్చేసింది. స్టాఫ్‌రూములో నలుగురినీ, చర్చి స్త్రీల సమాజంలో ముగ్గురినీ ఒప్పించి పన్నెండు మందినీ పూర్తిచేసింది. తీరా చూస్తే చాపలు లేవు. పాతవి చిరిగిపోయాయని సలోమి పారేసింది. కొత్తవి హైదరాబాదు నుంచి బయలుదేరి దారిలో ఎక్కడో ఉండిపోయాయి.

అప్పుడు ఆమెకి ఏసుబాబు గుర్తొచ్చాడు. ఒకప్పుడు ఆమె దగ్గర తెలుగు చదువుకున్నవాడు. పెదపాడు దగ్గర వాళ్ళమ్మ కొల్లేటి తుంగతో చాపలు నేయిస్తుంది. వాడికి మాత్రం చేపల చెరువులున్నాయి. ప్రభావతి ఒక చేత్తో ఉప్మా కలుపుతూ, రెండో చేత్తో ఫోను నోటి దగ్గర పెట్టుకుని చెప్పింది. చెప్పినదాన్ని ఫోనే రాసిపెడుతుంది. కళ్ళజోడు ముందుగదిలో ఉండిపోయింది కాబట్టి అదేం రాసిందో ఆమె చూడలేదు.

ఫోను ఇలా రాసింది: "ఏసుబాబూ, రేపు పొద్దున్న ఆరింటికి పన్నెండు చేపలు కావాలి. ఆరడుగులవి."

ఆమె బడికి వెళ్ళే ఆటో ఎక్కేసరికి ఏసుబాబే ఫోను చేశాడు. ఆటో బడి చేరేలోగా బేరం ముగిసింది.

"పన్నెండు ఎందుకండి టీచరుగారూ?"

"పన్నెండు మంది ఆడవాళ్ళు. తలా ఒకటి."

"ఒకటి ఇద్దరికి సరిపోతుందండి."

"సరిపోదు. అందరూ ఒళ్ళున్నవాళ్ళే."

"కోయించి తెమ్మంటారా?"

"వద్దు. పూర్తి పొడవుండాలి. శుభ్రం చేయించి, చుట్టి పవర్‌పేటలో సలోమి హాలుకి తీసుకురా."

ఏసుబాబు కాసేపు ఆలోచించాడు. కోయని చేపలు, పన్నెండు, కాగితం చుట్టి, పన్నెండు మంది ఆడవాళ్ళకి. ఇది వియ్యాలవారికి పంపే సారె తప్ప మరొకటి కాదు. టీచరుగారికి ఒక్కతే కూతురు ఇందు. తాడేపల్లిగూడెంలో బ్యాంకు ఉద్యోగం. సంబంధం కుదిరిందన్నమాట! సంతోషం పట్టలేక మధ్యాహ్నం టీచరుగారి భర్త విజయ్ కుమార్‌కి ఫోను చేసి శుభాకాంక్షలు చెప్పేశాడు.

విజయ్ కుమార్‌ది కోపం వస్తే అడిగే స్వభావం కాదు, మాట్లాడ్డం మానేసే స్వభావం. తనకి చెప్పకుండా కూతురి పెళ్ళి కుదిర్చిన భార్యతో ఇక మాటలేముంటాయి? అందుకని ఇందుకి ఫోను చేశాడు.

"మీ అమ్మ నీ సంబంధం ఖాయం చేసిందటగా. పరాయివాళ్ళు చెబితే తెలిసిందమ్మా నాకు."

ఆ సాయంత్రం ప్రభావతి చపాతీలు కాలుస్తుంటే ఇందు ఫోను చేసింది.

"అమ్మా, శ్రీకర్ సంగతి నీకు తెలిసిపోయిందా?"

శ్రీకర్ సలోమి బ్యాచి లాక్కుంటున్నాడని తను పొద్దున్న వాట్సాప్‌లో పెట్టిన స్టేటస్ కూతురు చూసిందనుకుంది ప్రభావతి. "తెలియకేమే! ఊరంతా తెలుసు."

"ఊరంతానా!"

"రేపు ఆరింటికి సలోమి హాల్లో తేల్చేస్తాం. చలపతిరావుగారొస్తున్నారు. పన్నెండు మందిని సిద్ధం చేశాను."

"పన్నెండు మంది ఎందుకమ్మా? ఆయన చాలా మంచివాడమ్మా."

"సలోమికి అంత అన్యాయం చేస్తున్నవాడు మంచివాడెలా అవుతాడే?"

ఇందు ఠక్కున ఫోను పెట్టేసింది. చపాతీ మాడిపోతోందని ప్రభావతి కూడా ఫోను పెట్టేసింది.

భోజనాల దగ్గర మాత్రం విజయ్ కుమార్ ఉండబట్టలేక, కంచంలోకి చూస్తూ, "నన్నొక్కమాట అడగాలనిపించలేదా?" అన్నాడు.

"మిమ్మల్నా? ఇది ఆడవాళ్ళ వ్యవహారమండీ. మీరొచ్చి ఏం చేస్తారు?"

ఆయన ఒక్క చపాతీతో లేచిపోయాడు. ఈయనకి కూడా వ్యాయామం మీద మనసు మళ్ళిందే అని ప్రభావతి ముచ్చటపడింది.

శనివారం ఆరుకి పది నిమిషాలుండగా పన్నెండు మందీ హాల్లో ఉన్నారు. చాపలు లేక గోడల వెంట నిలబడ్డారు. మెట్ల మీద అడుగుల చప్పుడు వినబడింది. ఏసుబాబు, వెనక ఇద్దరు మనుషులు, తలల మీద తట్టలు. మూడుసార్లు దిగి ఎక్కి తట్టలన్నీ నేల మీద వరసగా పేర్చారు. తట్టకొక బొచ్చె చేప, నడుముకి గులాబీరంగు కాగితం.

"ఆరడుగులవి కొల్లేరు మొత్తం వెతికినా లేవండి టీచరుగారూ. ఆరు కేజీలవి తెచ్చాను. ఇందమ్మ పెళ్ళికి ఇది నా కానుకండి."

"చాపలేవిరా?"

"ఇవేనండి చేపలు."

"చాపలురా!"

"అదేనండి, చేపలే."

ప్రభావతి కళ్ళజోడు పెట్టుకుని ఫోను తీసింది. దీర్ఘం ఉండవలసిన చోట ఏత్వం ఉంది. ఏ పిల్లాడి పరీక్ష కాగితంలోనో అయితే ఎర్రసిరాతో సున్నా చుట్టేది. ఇప్పుడు ఎవరికి చుట్టాలో తెలియలేదు. అప్పుడు ఆమెకి ఏసుబాబు చివరి మాట చెవికెక్కింది.

"ఏ ఇందమ్మ పెళ్ళిరా?"

జవాబు చెప్పే వ్యవధి వాడికి దొరకలేదు. ఇస్త్రీ చొక్కా వేసుకుని విజయ్ కుమార్ లోపలికొచ్చాడు. పిలవకపోయినా కూతురి శుభకార్యంలో తండ్రి లేకపోతే బాగుండదని వచ్చానని గోడకి చెప్పాడు. ఆయన వెనకే ఏడ్చి ఎర్రబడిన కళ్ళతో ఇందు, ఆమె పక్కన ఒక పొడుగాటి కుర్రాడు. ఇందు నేరుగా సలోమి దగ్గరికి నడిచింది.

"చెప్పండి. ఈయన మీకు చేసిన అన్యాయమేమిటో అందరి ముందూ చెప్పండి."

సలోమి కంగారుపడి, "శ్రీకర్ నాకేం చేశాడండీ?" అంది.

"నేను ఆరింటి బ్యాచి ఖాళీ అవుతుందేమోనని అడిగానండి, అంతే," అన్నాడు శ్రీకర్. "ఈవిడకి ఇబ్బందని తెలిస్తే అడిగేవాణ్ణి కాదండి."

నాలుగువైపులా అద్దాల్లో నలుగురు ప్రభావతులు నోరు తెరుచుకుని నిలబడ్డారు. తను కూతురి పెళ్ళి కుదర్చలేదనీ, కూతురే కుదుర్చుకుందనీ, ఆ కుర్రాడు వీడేననీ ఆమెకి ఒక్కొక్కటిగా అర్థమయ్యింది. చివరిది అర్థమయ్యాక కూర్చోవాలనిపించింది. చాప లేదు.

ముందుగా తేరుకున్నది విజయ్ కుమారే. భార్య కూడా తనలాగే ఏమీ తెలియనిదని తేలగానే ఆయన ముఖం విప్పారింది.

"మీదే ఊరు బాబూ?"

"తాడేపల్లిగూడెం అండి. నాన్నగారు పాస్టరండి."

విజయ్ కుమార్ ఒక కుర్చీ లాగి ఆ అబ్బాయిని కూర్చోబెట్టాడు. రాత్రి తను సరిగ్గా తినలేదని, టిఫిను ఇంట్లోనే చేద్దామని కూడా అన్నాడు.

సరిగ్గా అప్పుడే చలపతిరావుగారు వచ్చాడు. ఆడవాళ్ళని వేలుతో లెక్కపెట్టాడు. తర్వాత నేలవైపు చూశాడు.

"ఈ చేపలేమిటమ్మా సలోమీ?"

అద్దాల ముందు ఏళ్ళ తరబడి నిలబడ్డ సలోమికి మొహంలో ఏమీ కనబడనివ్వకపోవడం బాగా వచ్చు. "మూడు నెలలకి చేరినవాళ్ళకి తలా ఒకటండి," అంది.

ఐదు నిమిషాల్లో పన్నెండు పేర్లు పుస్తకంలోకెక్కాయి. స్త్రీల సమాజం నుంచి వచ్చిన ముగ్గురిలో ఇద్దరు, తమ చెల్లెళ్ళు కూడా చేరవచ్చా అని అడిగారు. ప్రభావతి వాటా చేప చలపతిరావుగారి ఇంటికి వెళ్ళింది. ఆరింటి బ్యాచి ఏడాది దాకా సలోమిదేనని ఆయన దాన్ని మోసుకువెళ్తూ చెప్పాడు.

శ్రీకర్‌కి ఏడింటి బ్యాచి దొరికింది. పెళ్ళి మాటలు జూన్‌లో అనుకున్నారు. ఈలోగా పిల్లవాడి నడవడిక స్వయంగా చూసి రమ్మని విజయ్ కుమార్ పట్టుబట్టడంతో, ఒక శనివారం ప్రభావతి అతని క్లాసులో వెనక వరసలో నిలబడింది. శ్రీకర్ ఆమెని తీసుకెళ్ళి ముందు వరసలో నిలబెట్టాడు. "ఇంకో పదండి అత్తయ్యగారూ, ఇంకో పదండి," అని పాట మీద పాట మారుస్తూ ఎంతో గౌరవంగా చెబుతూ వచ్చాడు. ఇరవై రెండేళ్ళ ఉద్యోగంలో వందల మంది పిల్లల చేత గుంజీళ్ళు తీయించిన ప్రభావతి ఆ పొద్దున్న నూట అరవై తీసింది. కాబోయే అల్లుడుగారు చాలనకుండా ఆపడం మర్యాద కాదు కదా.