ఇందిర పేరున ఖాళీ కవరు

మగవాడికి వినయం నేర్పాలంటే ఒకటే దారండీ: మనోవర్తి కేసు! ఎంత మీసం మెలేసేవాడైనా సరే, విడిపోయిన భార్య బిడ్డ ఖర్చు అడిగిందంటే చాలు, కోర్టు మెట్ల దగ్గరికొచ్చేసరికి సాధువైపోతాడు. ఇంత గొప్ప ఏర్పాటును కొందరు తిడుతున్నారు. ఎంత అన్యాయం!

ఎనభై మూడులో, రాజోలు దగ్గర కొబ్బరికాయల వ్యాపారి జోజినే తీసుకోండి. ఎవరి పెళ్ళికెళ్ళినా "మన లారీ, మన తోట" తప్ప వేరే మాట ఉండేది కాదు. భార్య దీనమ్మ ఐదేళ్ళ కూతురు ఇందిరను తీసుకుని ఊళ్ళోనే ఉన్న పుట్టింటికెళ్ళి, కేసు వేసింది. అంతే! జోజి మోటారు సైకిలు సందులో దాచి, ఉంగరం తీసేసి, తెగిన చెప్పులతో వాయిదాకొచ్చాడు. లారీ తమ్ముడిదైపోయింది. తోట తల్లిదైపోయింది. నెలకు నూట యాభై మిగిలితే గొప్పట! ఏ సన్యాసి ఇంత తొందరగా ఆస్తి వదులుకోగలడు?

ఇక ఆయన ప్లీడరు కొండలరావుగారి ప్రశ్నలు వింటే లోకజ్ఞానం పెరుగుతుంది.

"పిల్లకి ఏడాదికి రెండు గౌన్లెందుకమ్మా?"

"పెరుగుతాదండి."

"ఎందాకా?"

"ఆగమని చెప్పేనండి. వినట్లేదు."

కోర్టంతా నవ్వింది. నవ్వితే గౌను వస్తుందా? జోజి సంపాదనెంతో దీనమ్మే చూపించాలి. పీచుతాళ్ళు పేనుకునే మనిషికి జోజి లెక్కలెలా దొరుకుతాయి?

దొరికాయి, ఆవిడ బైబిల్లోనే! జోజి సంఘ పెద్ద. సంపాదనలో పదో వంతు, అంటే దశమభాగం, నెలనెలా కవర్లో పెట్టి చర్చికిస్తాడు. పాస్టరు అబ్రహాముగారు పేరూ మొత్తమూ పైకి చదువుతారు. ఆ చదవడం వినడానికే జోజి ముందు వరసలో కూర్చుంటాడు. కాపురంలో ఉన్నప్పటి రసీదులన్నీ దీనమ్మ దాచింది. నెలకు అరవై!

"నీకొచ్చేది నూట యాభై అయితే దేవుడికి పదిహేనేగా?" అన్నారు మేజిస్ట్రేటుగారు. "అయితే ఈ అరవై అబద్ధమా?"

వరండా నిండా సంఘం వాళ్ళే. జోజి ఛాతీ దానంతటదే పొంగింది.

"దేవుడికి దొంగలెక్క చెప్పే వంశం కాదండి మాది!"

కొండలరావుగారు తల పట్టుకున్నారు. మేజిస్ట్రేటుగారు సంపాదన ఆరువందలని రాసి, ఇందిరకు నెలకు నూట ఇరవై వేశారు.

వినయం గెలిచిందనుకున్నారా? మూడు నెలలు పైసా రాలేదు. మళ్ళీ కోర్టుకెళితే మళ్ళీ జోజి జ్వరాలు, మళ్ళీ వాయిదాలు.

నాలుగో నెల ఆదివారం కానుకల సంచిలో ఒక కవరు ఎక్కువైంది.

"సంఘ పెద్ద జోజిగారు, అరవై రూపాయలు," చదువుతున్నారు పాస్టరుగారు. "చిన్నారి ఇందిర... మనోవర్తి నూట ఇరవైకి దశమభాగం, పన్నెండు రూపాయలు..." కవరు తెరిచారు. తిరగేశారు. దులిపారు. "ఇందులో ఏం లేదేంటమ్మా?"

ఇందిర లేచి నిలబడింది.

"మా నాన్న ఇంకా ఇవ్వలేదండి. ఇవ్వగానే దేవుడికి ఇచ్చేత్తానండి."

"ఆయ్, కూచో తల్లీ," అన్నారు పాస్టరుగారు, జోజి వైపు చూస్తూ. సంఘమంతా అటే చూసింది.

మధ్యాహ్నం భోజనాలవకముందే బాకీ మొత్తం దీనమ్మ ఇంటికొచ్చింది. జోజే తెచ్చాడు, మోటారు సైకిలు మీద!

కాబట్టి మనోవర్తి కేసును ఏమీ అనకండి. పిల్లకి రెండు గౌన్లు కావాలని తేల్చింది. ఆ గౌన్లు ఒంటిమీదికి రావడానికి ఒక ఖాళీ కవరు కావాల్సొచ్చింది, అంతే. చర్చి మొహం చూడని తండ్రులూ ఉన్నారు కదండీ. మరి వాళ్ళ పిల్లలు ఏ సంచిలో వేయాలి కవరు?